32 వోల్టుల మాడ్యూల్‌కి 54 వోల్టులు: కెపాసిటర్లు మార్చితే అయిపోదు

వాడకుండా పడి ఉన్న ఎలక్ట్రిక్ సైకిల్ బ్యాటరీని చూస్తే, దీంతో లాప్‌టాప్ చార్జ్ చేసుకోవచ్చు కదా అన్న ఆలోచన ఎలక్ట్రానిక్స్ పిచ్చి ఉన్నవాళ్లెవరికైనా వస్తుంది. 48 వోల్టులు, 10 యాంప్-అవర్లు అంటే 480 వాట్-అవర్లు. లాప్‌టాప్‌లో ఉండేది మామూలుగా 100 లోపే. లెక్క ఊరిస్తుంది. చేతిలో యూఎస్‌బీ పవర్ డెలివరీ (పీడీ, అంటే టైప్-సీ కేబుల్ మీద అవతలి పరికరం అడిగిన వోల్టేజ్ ఇచ్చే పద్ధతి) మాడ్యూల్ కూడా ఉంటుంది: ఒక టైప్-సీ సాకెట్, ఒక చిప్, ఒక కాయిల్, నాలుగు కెపాసిటర్లు. కాకపోతే అది 12, 24 వోల్టుల బండ్ల కోసం చేసింది. ఇన్‌పుట్ 32 వోల్టులు దాటకూడదని రాసి ఉంటుంది. అక్కడి నుంచి సలహాలన్నీ ఒకే దారిలో నడుస్తాయి. ఇన్‌పుట్ కెపాసిటర్లు పీకేసి ఎక్కువ వోల్టేజీవి వెయ్యి, మాస్‌ఫెట్లు (కరెంటుని వేగంగా ఆన్-ఆఫ్ చేసే స్విచ్‌లు) చిప్ బయట ఉంటే అవీ మార్చు, చిప్ బదులు 60 వోల్టులది వెతుకు, పని అయిపోతుంది.

అవ్వదు. నా మట్టుకు నేను ఆ మాడ్యూల్ జోలికే వెళ్లొద్దంటాను. దాని ముందు 100 వోల్టులు తట్టుకునే వేరే బక్ కన్వర్టర్ (వోల్టేజ్ దించే సర్క్యూట్) పెట్టి 24 వోల్టులకి దించండి, ఆ రెండిటి మధ్య ఒక క్రోబార్ (వోల్టేజ్ హద్దు దాటగానే లైనుని షార్ట్ చేసి ఫ్యూజ్ పోయేలా చేసే రక్షణ) పెట్టండి. బోర్డు పెద్దదవుతుంది, కొంత కరెంటు వేడిగా పోతుంది, ఖర్చూ పెరుగుతుంది. అన్నీ ఒప్పుకుంటాను. అయినా ఇదే దారి ఎందుకంటున్నానో చెప్పాలంటే ముందు ఆ 48 అనే అంకె దగ్గర మొదలుపెట్టాలి.

48 వోల్టుల బ్యాటరీలో 48 వోల్టులు ఉండేది కాసేపే. 13 లిథియం-అయాన్ సెల్స్ వరసగా ఉన్న ప్యాక్ పూర్తిగా చార్జ్ అయినప్పుడు 54.6 వోల్టులు. 14 సెల్స్ అయితే 58.8. 16 ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్స్ ఉన్నవి చార్జర్ మీద 58.4 దాకా పోతాయి. నాలుగు లెడ్-యాసిడ్ బ్యాటరీలు ఒక్కోటి 14.4 చొప్పున చార్జ్ అవుతుంటే 57.6. అంటే 60 వోల్టుల చిప్‌కి మిగిలే సందు ఒకటి నుంచి ఐదు వోల్టులు. చాలామంది ఇక్కడే 'సరిపోయింది కదా' అంటారు.

సరిపోదనడానికి ప్లగ్గు పెట్టే క్షణం చూస్తే చాలు. బ్యాటరీ వైర్లు ఒక మీటరు పొడవుంటే వాటిలో దాదాపు 1 మైక్రోహెన్రీ ఇండక్టెన్స్ ఉంటుంది. అవతల ఖాళీగా ఉన్న సిరామిక్ కెపాసిటర్లు, రెసిస్టెన్స్ దాదాపు లేనివి. కనెక్టర్ తగలగానే ఈ రెండూ కలిసి ఊగుతాయి. ఆ ఊపులో కెపాసిటర్ మీది వోల్టేజ్ బ్యాటరీ వోల్టేజ్‌కి రెట్టింపు దాకా వెళ్లగలదు. 54.6కి రెట్టింపు 109. కొన్ని మైక్రోసెకన్ల పాటే, కానీ సిలికాన్ పాడవడానికి అంతకంటే ఎక్కువ సేపు అక్కర్లేదు. కనెక్టర్ దగ్గర చిటుక్కుమనే స్పార్క్‌ని అందరూ చూస్తారు, ఈ శిఖరం మాత్రం ఆసిల్లోస్కోప్ పెడితేనే కనబడుతుంది.

టీవీఎస్ డయోడ్ (హద్దు దాటిన వోల్టేజ్‌ని తన మీదికి లాక్కునే పార్టు) పెడితే ఆపేస్తుంది కదా అంటారు. డేటాషీట్ తెరిచి చూద్దాం. 58 వోల్టుల వరకు పట్టించుకోకుండా ఉండే ఎస్‌ఎంబీజే58ఏ తీసుకుంటే, అది కరెంటు తాగడం మొదలయ్యేదే 64.4 వోల్టుల పైన. పూర్తి సర్జ్ కరెంటు దగ్గర దాని మీద నిలిచే వోల్టేజ్ 93.6. అంటే 60 వోల్టుల చిప్ పోయాక గానీ ఆ డయోడ్ గట్టిగా పనిచెయ్యదు. ఇంకా తక్కువ వోల్టేజ్ టీవీఎస్ పెడితే, నిండుగా చార్జ్ అయిన బ్యాటరీకి అదే నిరంతరం లోడ్ అయి కాలిపోతుంది. ఈ రెండు గీతల మధ్య 60 వోల్టుల పార్టుకి చోటు లేదు. 48 వోల్టుల బ్యాటరీ అంటే 100 వోల్టుల పార్టులు. దీని మీద నేను బేరం ఆడను.

టీవీఎస్ కంటే ముందు పెట్టాల్సింది మామూలు ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్. దానిలో ఉండే లోపలి రెసిస్టెన్స్, అంటే ఈఎస్‌ఆర్, ఇక్కడ మనకి పనికొస్తుంది. సిరామిక్‌ల మొత్తానికి కనీసం నాలుగు రెట్లు ఉండే ఎలక్ట్రోలైటిక్ ఒకటి పక్కన పెడితే ఆ ఊగుడు చాలావరకు చచ్చిపోతుంది. లోపల రెసిస్టర్ ఉన్న యాంటీ-స్పార్క్ కనెక్టర్ వాడితే ఇంకా మంచిది.

సిరామిక్‌ల గురించి ఇంకో మాట. పైన 10 మైక్రోఫారడ్ అని రాసి ఉన్నంత మాత్రాన వోల్టేజ్ ఎక్కాక అది 10 ఉండదు. చిన్న సైజు ఎక్స్5ఆర్, ఎక్స్7ఆర్ కెపాసిటర్లు వాటి రేటెడ్ వోల్టేజ్‌కి దగ్గరవుతున్నకొద్దీ సగానికి పైగా విలువ పోగొట్టుకోవచ్చు. అందుకే 100 వోల్టులవి వేసినా ఎన్ని వేశామన్నది కాగితం మీది అంకెతో లెక్కపెట్టకూడదు, తయారీదారు ఇచ్చే డీసీ బయాస్ గ్రాఫ్ చూసి లెక్కపెట్టాలి.

సరే, ఇవన్నీ బయటి పార్టులు. మాడ్యూల్ లోపలికి వెళ్తే వోల్టేజ్ రేటింగ్‌తో సంబంధం లేని చిక్కులు మొదలవుతాయి. నాకు బాగా ఆసక్తి ఉన్న భాగం ఇదే.

ముందు కాయిల్. బక్ కన్వర్టర్ కాయిల్‌లో కరెంటు రంపపు పళ్లలాగా ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. ఆ ఎత్తుని రిపుల్ అంటారు. అది ఎంతన్నది అవుట్‌పుట్ వోల్టేజ్, డ్యూటీ (ఒక్కో సైకిల్‌లో ఇన్‌పుట్ వైపు ఉండే పై మాస్‌ఫెట్ ఆన్‌లో ఉండే వంతు), ఫ్రీక్వెన్సీ, ఇండక్టెన్స్ కలిసి నిర్ణయిస్తాయి. మాడ్యూల్‌లో 10 మైక్రోహెన్రీ కాయిల్, 300 కిలోహెర్ట్జ్ స్విచింగ్ అనుకుందాం. 24 వోల్టుల నుంచి 20 వోల్టులు తీస్తుంటే డ్యూటీ 83 శాతం, రిపుల్ సుమారు 1.1 యాంపులు. అదే కాయిల్‌కి 54.6 ఇస్తే డ్యూటీ 37 శాతానికి పడిపోతుంది, రిపుల్ 4.2 యాంపులకి ఎక్కుతుంది. 5 యాంపుల లోడ్ మీద 4.2 రిపుల్ అంటే శిఖరం 7 యాంపులు దాటుతుంది. 24 వోల్టుల దగ్గర ఆ శిఖరం 5.6 దాకానే ఉండేది. ఆ లెక్కకి కొన్న కాయిల్ ఇప్పుడు శాచురేట్ అవుతుంది, శాచురేట్ అయిన కాయిల్ వైరు ముక్కతో సమానం. పాత రిపుల్ కావాలంటే దాదాపు 38 మైక్రోహెన్రీ ఉండాలి, అంటే బోర్డు మీద పట్టనంత పెద్ద కాయిల్. కెపాసిటర్లు మార్చమని చెప్పినవాళ్లలో కాయిల్ పేరెత్తినవాళ్లు తక్కువ.

రెండోది, కనీస ఆన్-టైమ్. ఫోన్ పెట్టినప్పుడు మొదట 5 వోల్టులే రావాలి. 54.6 నుంచి 5 అంటే డ్యూటీ 9 శాతం. 500 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక సైకిల్ 2 మైక్రోసెకన్లు, అందులో పై మాస్‌ఫెట్ ఆన్‌లో ఉండాల్సింది 183 నానోసెకన్లు. 1 మెగాహెర్ట్జ్ అయితే 92. చిప్‌కి కనీస ఆన్-టైమ్ 100 నానోసెకన్లు అనుకుంటే ఇక అది లెక్కగా స్విచ్ చెయ్యలేదు. కొన్ని సైకిళ్లు వదిలేస్తూ నెట్టుకొస్తుంది, అవుట్‌పుట్ వణుకుతుంది.

మూడోది ఎవరూ చూడనిది. మాస్‌ఫెట్ల గేట్లని నడపడానికి చిప్ లోపల ఒక చిన్న లీనియర్ రెగ్యులేటర్ ఇన్‌పుట్ నుంచే 5 వోల్టులు తయారుచేసుకుంటుంది. రెండు మాస్‌ఫెట్ల గేట్ చార్జ్ కలిపి 80 నానోకూలంబులు, 300 కిలోహెర్ట్జ్ అనుకుంటే దానికి 24 మిల్లీయాంపులు కావాలి. ఇన్‌పుట్ 24 వోల్టులైతే ఆ రెగ్యులేటర్ వేడిగా పారేసేది 0.46 వాట్. 54.6 అయితే 1.2 వాట్లు. గోరంత చిప్‌లో, అదీ లోడ్ ఏమీ లేకపోయినా. పైగా స్విచింగ్ నష్టం ఇన్‌పుట్ వోల్టేజ్‌తో పాటు పెరుగుతుంది, మాస్‌ఫెట్ అవుట్‌పుట్ కెపాసిటెన్స్ వల్ల వచ్చే నష్టమైతే దాదాపు వోల్టేజ్ వర్గంతో పెరుగుతుంది. 24 నుంచి 54.6కి వెళ్లడమంటే అక్కడ 5 రెట్లు. అన్ని పార్టులూ రేటింగ్ లోపలే ఉన్నా మాడ్యూల్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కడానికి కారణాలు ఇవి.

ఇంకా చిల్లర విషయాలు బోలెడు. ఎనేబుల్ పిన్‌కి (చిప్‌ని ఆన్-ఆఫ్ చేసేది) ఇన్‌పుట్ నుంచి వచ్చే డివైడర్ (వోల్టేజ్‌ని పంచే రెండు రెసిస్టర్లు) పాత వోల్టేజ్‌కి లెక్కకట్టింది కాబట్టి ఇప్పుడు ఆ పిన్ మీద రెట్టింపుకి పైగా వస్తుంది. పవర్ ఎల్‌ఈడీ సంగతి చూడండి: 10 కిలోఓమ్ రెసిస్టర్‌తో 24 వోల్టుల దగ్గర హాయిగా ఉన్నది, 54.6 దగ్గర ఆ రెసిస్టర్‌లో 0.28 వాట్ పోగొడుతుంది. 0603 సైజు రెసిస్టర్ మోయగలిగేది 0.1 వాట్. అంతా జాగ్రత్తగా మార్చి చివరికి ఎల్‌ఈడీ రెసిస్టర్ దగ్గర పొగ వస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

అయితే ఇవన్నీ ఓపిక ఉంటే సరిచేసుకోగలిగినవే. నా అసలు అభ్యంతరం అవతలి చివర గురించి.

పవర్ డెలివరీ ఎలా మాట్లాడుకుంటుందో తెలిసిందే. కేబుల్‌లోని సీసీ అనే సన్నని తీగ మీద చార్జర్ తన దగ్గరున్న వోల్టేజ్‌లు చెబుతుంది, 5, 9, 15, 20 అని. లాప్‌టాప్ ఒకటి ఎంచుకుంటుంది. 3 యాంపులు దాటాలంటే కేబుల్‌లో ఈ-మార్కర్ (కేబుల్ ఎంత మోయగలదో చెప్పే) చిప్ ఉండాలి. ఫిక్స్‌డ్ వోల్టేజ్ ఏదైనా 5 శాతం అటూ ఇటూ లోపే ఉండాలి. ఇదంతా చార్జర్ మాట మీద నిలబడుతుంది, దాని మాట మీద నమ్మకంతోనే లాప్‌టాప్ తన తలుపు తెరుస్తుంది. బక్ కన్వర్టర్‌లో పై మాస్‌ఫెట్ పోతే చాలాసార్లు షార్ట్ అయ్యి పోతుంది. అప్పుడు బ్యాటరీకి, వీబస్‌కి (టైప్-సీలో పవర్ వెళ్లే లైను) మధ్య మిగిలేది కాయిల్ ఒక్కటే. 54.6 వోల్టులు నేరుగా లాప్‌టాప్‌లోకి. టైప్-సీ సాకెట్‌లో పిన్నుల మధ్య దూరం 0.5 మిల్లీమీటరు. సీసీ పిన్నులు మామూలుగా తట్టుకునేది 6 వోల్టుల లోపు. వీబస్ పక్కకి కొంచెం జారినా అవి పోతాయి.

మాడ్యూల్‌లో ఓవర్-వోల్టేజ్ రక్షణ ఉంది కదా, వీబస్ దగ్గర స్విచ్ తెరుచుకుంటుంది కదా అని అడగొచ్చు. ఉంది. కానీ ఆ స్విచ్‌గా పెట్టిన మాస్‌ఫెట్ చాలా బోర్డుల్లో 30 వోల్టులది, ఎందుకంటే ఇన్‌పుట్ ఎప్పుడూ 32 దాటదన్నది డిజైన్ చేసినవాళ్ల లెక్క. దాని ఎదుట 54 నిలబడితే అది తెరుచుకున్నా ఆపలేదు, అవలాంచ్ అనే బ్రేక్‌డౌన్‌లోకి వెళ్లి దానికదే దారి ఇచ్చేస్తుంది. అసలు 24 వోల్టుల ఇన్‌పుట్ ఉన్నప్పుడు ఇదే లోపం వస్తే 20 వోల్టుల లాప్‌టాప్‌కి 24 వచ్చేవి, చాలావరకు బతికేది. అంటే పాత డిజైన్ భద్రతలో సగం ఇన్‌పుట్ తక్కువగా ఉండటం వల్ల ఊరికే వచ్చింది. వోల్టేజ్ పెంచగానే ఊరికే వచ్చింది ఊరికే పోతుంది, బోర్డు మీద ఏ పార్టూ ఆ సంగతి చెప్పదు.

కాబట్టి రెండు మెట్లు. మొదటి మెట్టు 100 వోల్టుల కంట్రోలర్‌తో, బయటి మాస్‌ఫెట్లతో. ఎల్‌ఎం5146 లాంటివి 5.5 నుంచి 100 వోల్టుల దాకా తీసుకుంటాయి. ఎప్పుడూ 24 వోల్టులే ఇస్తుంది కాబట్టి 54.6 దగ్గర కూడా డ్యూటీ 44 శాతం ఉంటుంది, బ్యాటరీ ఖాళీ అవుతున్నకొద్దీ ఇంకా పెరుగుతుంది, కనీస ఆన్-టైమ్ గొడవ ఉండదు. 200 కిలోహెర్ట్జ్, 47 మైక్రోహెన్రీ పెట్టుకుంటే రిపుల్ 1.4 యాంపుల దగ్గర ఆగుతుంది. 24 ఎందుకంటే 20 వోల్టులు, 5 యాంపులు ఇవ్వడానికి కాస్త తల పైన ఖాళీ ఉంటుంది, 21 దాకా వెళ్లే పీపీఎస్‌కీ (వోల్టేజ్‌ని చిన్న చిన్న మెట్లలో మార్చుకునే పీడీ పద్ధతి) సరిపోతుంది, 32 గీతకి దూరంగానూ ఉంటుంది. మాడ్యూల్ తను పుట్టిన పని చేసుకుంటూ పోతుంది.

మధ్యలో క్రోబార్. 24 లైను మీద ఒక ఎస్‌సీఆర్ (ఒకసారి ట్రిగ్గర్ అయితే కరెంటు ఆగేదాకా ఆన్‌లోనే ఉండే స్విచ్), 28 వోల్టులు దాటితే దాన్ని ట్రిగ్గర్ చేసే చిన్న సర్క్యూట్. మొదటి మెట్టు మాస్‌ఫెట్ షార్ట్ అయితే ఎస్‌సీఆర్ లైనుని నేలకి లాగేస్తుంది, బ్యాటరీ వైపు ఫ్యూజ్ పోతుంది. కాయిల్ కరెంటుని ఒక్కసారిగా ఎక్కనివ్వదు కాబట్టి ఎస్‌సీఆర్‌కి కాస్త సమయం దొరుకుతుంది. ఫ్యూజ్ పోయేదాకా ఎస్‌సీఆర్ బతికి ఉండాలి, అంటే దాని ఐ-స్క్వేర్-టీ (కరెంటు వర్గాన్ని సమయంతో గుణిస్తే వచ్చే అంకె) ఫ్యూజ్ కంటే ఎక్కువ ఉండాలి. ఫ్యూజ్ విషయంలో ఒక హెచ్చరిక: కార్లలో వాడే బ్లేడ్ ఫ్యూజులు మామూలుగా 32 వోల్టుల డీసీకి మాత్రమే. డీసీ ఏసీలాగా సున్నా దాటదు, ఆర్క్ దానంతటది ఆరదు. 54 వోల్టుల మీద ఆ ఫ్యూజ్ కరిగినా లోపల మంటతో కరెంటు సాగుతూనే ఉండొచ్చు. ప్యాక్ పూర్తిగా చార్జ్ అయినప్పటి వోల్టేజ్ కంటే పైన డీసీ రేటింగ్ ఉన్నదే తీసుకోవాలి, 13 సెల్స్ ప్యాక్‌కైతే 58 వోల్టులది. బీఎంఎస్ (బ్యాటరీ లోపల సెల్స్‌ని కాపాడే సర్క్యూట్) షార్ట్-సర్క్యూట్ రక్షణ ఫ్యూజ్ కంటే ముందే తెగ్గొట్టినా మనకి ఇబ్బంది లేదు.

ఎఫిషియెన్సీ మాటేమిటి? ఒక్కో మెట్టు 95 శాతం అనుకుంటే రెండూ కలిసి 90. 100 వాట్లు బయటికిస్తే దాదాపు 11 వాట్లు వేడి, ఒక మెట్టే ఉంటే 5 వాట్ల పైచిలుకు. తేడా 5 వాట్లు. 480 వాట్-అవర్ల బ్యాటరీ మీద లాప్‌టాప్‌కి ఇది పెద్ద లెక్కలోకి రాదు. నన్ను ఇబ్బంది పెట్టేది లోడ్ లేనప్పుడు తాగే కరెంటు. రెండు మెట్లూ కలిసి 10 మిల్లీయాంపులు తాగినా 48 వోల్టుల దగ్గర అది నెలకి దాదాపు 345 వాట్-అవర్లు. బ్యాటరీలో ముప్పాతిక వంతుకి దగ్గరగా ఊరికే పోయినట్టు. అందుకని మొదటి మెట్టు ఎనేబుల్ పిన్‌కి ఒక స్విచ్ తప్పనిసరి. ఈ పద్ధతికి వ్యతిరేకంగా నిజంగా బలమైన వాదన ఇదొక్కటే అని నా అభిప్రాయం.

వోల్టేజ్ దించడానికి అడ్డదారులు రెండు తరచూ వినిపిస్తాయి. రెసిస్టరో జీనరో లీనియర్ రెగ్యులేటరో పెట్టి 30 వోల్టులు తగ్గించేయడం ఒకటి: 4.4 యాంపుల దగ్గర అది 130 వాట్లకి పైగా వేడి, చర్చ అనవసరం. రెండోది బ్యాటరీ మధ్యలోంచి 24 వోల్టుల తీగ తియ్యడం. వినడానికి తెలివిగా ఉంటుంది. కింది సగం సెల్స్ మాత్రమే ఖాళీ అవుతూ పోతాయి. మామూలు బీఎంఎస్‌ల బ్యాలెన్సింగ్ కరెంటు పదుల మిల్లీయాంపుల్లో ఉంటుంది, యాంపుల్లో లాగిన తేడాని అది పూడ్చలేదు. ప్యాక్ పాడు చేసుకోవడానికి ఇంతకంటే మంచి మార్గం లేదు.

కొత్తగా బోర్డే గీస్తున్నవాళ్ల సంగతి వేరు. 100 వోల్టుల కంట్రోలర్ ఒక్కటే పెట్టి, పీడీ కంట్రోలర్ చేత దాని ఫీడ్‌బ్యాక్‌ని కదిలించి 5 నుంచి 20 దాకా నేరుగా తియ్యొచ్చు. అది నీటైన డిజైన్. కాకపోతే అప్పుడు వోల్టేజ్ ఎక్కే వేగం మైక్రోసెకనుకి 30 మిల్లీవోల్టులు దాటకుండా చూడాలి, 20 నుంచి 5కి దిగేటప్పుడు 275 మిల్లీసెకన్లలో కెపాసిటర్లు ఖాళీ అయ్యేలా డిస్చార్జ్ సర్క్యూట్ పెట్టాలి, ఫీడ్‌బ్యాక్ లూప్ అన్ని వోల్టేజ్‌ల దగ్గరా స్థిరంగా ఉందని కొలిచి చూడాలి, వీబస్ స్విచ్ 100 వోల్టులది వెయ్యాలి. ఇవన్నీ చేసేవాళ్లకి నా సలహా అవసరం లేదు. 2021లో వచ్చిన పీడీ 3.1 ప్రకారం 28, 36, 48 వోల్టులు కూడా ఇవ్వొచ్చు కదా, బ్యాటరీ ఎలాగూ 48దే కదా అంటే, 13 సెల్స్ ప్యాక్ ఖాళీ అయ్యేసరికి 39 దగ్గరికి వస్తుంది. అప్పుడు 48 ఇవ్వాలంటే బక్-బూస్ట్ కావాలి. అది ఇంకో వ్యాసం.

ఇక పరీక్ష. కరెంట్ లిమిట్ ఉన్న బెంచ్ సప్లై మీద మెల్లగా వోల్టేజ్ పెంచుకుంటూ వెళ్లడం, పీడీ ట్రిగ్గర్ బోర్డుతో ఒక్కో వోల్టేజ్ అడిగి లోడ్ పెట్టడం అందరూ చేసేదే. నేను దానికి ఒకటి కలుపుతాను. అన్నీ బాగా నడిచాక, మొదటి మెట్టు పై మాస్‌ఫెట్ డ్రెయిన్‌కీ సోర్స్‌కీ మధ్య టంకం వేసి కావాలనే షార్ట్ చెయ్యండి. టైప్-సీ చివర లాప్‌టాప్ బదులు ట్రిగ్గర్ బోర్డు, దాని మీద పాత పవర్ రెసిస్టర్ లోడ్. ఆసిల్లోస్కోప్ ఒక చానెల్ 24 లైను మీద, ఇంకోటి వీబస్ మీద, సింగిల్-షాట్‌లో. కళ్లద్దాలు పెట్టుకుని, అసలు బ్యాటరీనే కలపండి, ఎందుకంటే బెంచ్ సప్లై ఫ్యూజ్‌ని పేల్చేంత కరెంటు ఇవ్వలేదు. ఫ్యూజ్ పోవాలి, 24 లైను 32 దాటకూడదు, వీబస్ మీద శిఖరం 24 వోల్టుల లోపు ఉండాలన్నది నేను పెట్టుకున్న హద్దు. దాటితే క్రోబార్ ట్రిగ్గర్ ఆలస్యంగా పనిచేస్తోందని అర్థం. దాని గేట్ దగ్గరి కెపాసిటర్ తగ్గించి, కొత్త ఫ్యూజ్ పెట్టి మళ్లీ చెయ్యండి. ఎస్‌సీఆర్‌ని కూడా ఆ ఫ్యూజ్‌తో పాటే మార్చెయ్యండి, ఒకసారి అంత కరెంటు మోసినదాన్ని మళ్లీ కాపలా పెట్టడం నాకిష్టం ఉండదు.